ఉప్పునీటి ట్యాంకులో చేప పోతే, దాని స్థానంలో ఇంకోటి వేయాలా?

ఉప్పునీటి ట్యాంకులో ఒక చేప పోయిన మర్నాడే చాలామంది కొత్తది తెచ్చేస్తారు. ట్యాంకు బోసిపోయిందనో, మిగిలింది ఒంటరిదైపోయిందనో మనసు ఆగదు. నిజానికి ఆ లోటు చేపలకంటే మనకే ఎక్కువ. పాత చేపను చంపిన కారణం ట్యాంకులో ఇంకా ఉంటే కొత్తది కూడా దానికే బలవుతుంది. అందుకని ముందు లక్షణం, దాన్నుంచి కారణం, దానికి విరుగుడు. ఇంకో చేప సంగతి ఆ తర్వాతే.

శవం దొరికితే వెంటనే తీసేయండి, కానీ వెంటనే పారేయకండి. తెల్ల ప్లేటులో పెట్టి లైటు కింద చూడండి. మొప్పలు ఏ రంగులో ఉన్నాయి, రెక్కలు చిరిగాయా, పొట్ట లోపలికి పీక్కుపోయిందా, ఒంటిమీద పుండు ఉందా? ఫోటో తీసి పెట్టుకోండి. చచ్చి చాలాసేపైతే రంగు వెలిసిపోతుంది, పీతలు కొరికిన గాట్లు పడతాయి. వాటిని జబ్బు గుర్తులని పొరబడొద్దు. తర్వాత నీళ్లు కొలవండి. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషాలు అమోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. స్పెసిఫిక్ గ్రావిటీ (నీళ్ల ఉప్పదనాన్ని చెప్పే కొలత) 1.024 నుంచి 1.026, ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్, పీహెచ్ 8 నుంచి 8.4 మధ్య ఉంటే చాలు.

చేప కనబడటం లేదు, శవమూ లేదు

అసలు చచ్చిపోయిందో లేదో ముందు తేల్చుకోవాలి. హాలికోయెరిస్ జాతి రాస్ చేపలు రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయి. కొత్తగా వచ్చినవైతే కొన్ని రోజులపాటు పైకే రావు. గోబీలు, బ్లెన్నీలు రాళ్ల సందుల్లో నక్కుతాయి. లైట్లు ఆర్పిన గంట తర్వాత ఎర్ర లైటు వేసి ఓపిగ్గా చూడండి. ఇసుక తవ్వడం, రాళ్లు ఎత్తడం మాత్రం వద్దు. బతికున్న చేపను భయపెట్టడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

రెండో అనుమానం దూకడం. ఫైర్‌ఫిష్, రాస్, గోబీ ఈ పనిలో ఆరితేరినవి. స్టాండు వెనక, గోడ వారగా, నీళ్లు కిందికి దిగే ఓవర్‌ఫ్లో బాక్సులో, వడపోత సంచి అయిన ఫిల్టర్ సాక్‌లో, కింద ఫిల్టర్ తొట్టిగా ఉండే సంప్‌లో వెతకండి. ఇంట్లో పిల్లి ఉంటే ఆ సాక్ష్యం కూడా మిగలదనుకోండి.

ట్యాంకులోనే చచ్చి ఉంటే నసారియస్ నత్తలను గమనించండి. మామూలుగా ఇసుకలో పాతుకుని తొండం మాత్రం బయటపెట్టే ఈ నత్తలన్నీ పైకొచ్చి ఒకే రాయి కిందికి పాకుతున్నాయంటే శవం అక్కడే ఉంది. చిన్న చేపయితే అవీ, హెర్మిట్ పీతలూ, బ్రిసిల్ పురుగులూ కలిసి ఒక్క రాత్రిలో ఆనవాలు లేకుండా చేసేస్తాయి. పీత నోట్లో చేప కనిపించగానే పీతే చంపిందని తీర్పు చెప్పేస్తాం కానీ, చాలాసార్లు అది చచ్చినదాన్నే తింటుంటుంది.

దూకి పోయిందని తేలితే పని సులువు. పావు అంగుళం గళ్ల జాలీతో పైకప్పు బిగించండి, వైర్లు, పైపులు వెళ్లే మూలలతో సహా. అది అయ్యాక అదే జాతి చేపను నిశ్చింతగా వేసుకోవచ్చు. ఏమైందో అస్సలు తేలకపోతే మాత్రం కనీసం నెల రోజులు మిగిలిన చేపలను చూస్తూ ఆగండి.

రాత్రి బాగానే ఉన్నాయి, తెల్లారేసరికి రెండు మూడు పోయాయి

ఒకేసారి ఎక్కువ చేపలు పోతే జబ్బు కంటే ముందు నీళ్లనే అనుమానించాలి. 25 డిగ్రీల దగ్గర ఉప్పునీళ్లు మంచినీళ్లకంటే దాదాపు ఐదో వంతు తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటాయి. రాత్రిపూట నాచు, పగడాలు కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటాయి కాబట్టి తెల్లవారుజామున అది బాగా పడిపోతుంది. కరెంటు పోయి పంపులు ఆగినా, నీటిపైన జిడ్డు పొర కట్టినా, హీటర్ ఆఫ్ కాకుండా ఇరుక్కుని నీళ్లు వేడెక్కినా ఇదే సమయంలో దెబ్బ తగులుతుంది. పెద్దవి, ఎక్కువగా ఈదేవి ముందు పోతాయి. మిగిలినవి నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఇక అనుమానమే అక్కర్లేదు. ట్యాంకులో నీళ్లు తిప్పే పంపు (పవర్‌హెడ్) మూతిని పైకి తిప్పి నీటిపైన అలలు లేపండి, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

అమోనియా కనిపిస్తే పావు వంతు నీళ్లు మార్చండి. కొత్త నీళ్ల వేడి, సాలినిటీ (ఉప్పదనం) ట్యాంకుతో సరిపోవాలి. సాలినిటీ బాగా పెరిగి ఉంటే, ఆవిరైన నీళ్ల స్థానంలో ఉప్పునీళ్లే పోస్తున్నారేమో చూసుకోండి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. అందుకే రోజువారీ భర్తీకి ఆర్ఓ నీళ్లే పోయాలి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను కూడా 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచూడాలి. తప్పు చూపించే మీటరుతో ఎంత శ్రద్ధగా కొలిచినా లాభం లేదు.

కారణం దొరికి, సరిచేశాక, రెండు వారాలపాటు అంకెలు కదలకుండా ఉంటే కొత్త చేప వేయొచ్చు. ఒకేసారి మూడింటినీ భర్తీ చేయకండి. ఒకటి వేసి, నాలుగు వారాలయ్యాక ఇంకోటి. ఫిల్టర్‌లో వ్యర్థాలను శుద్ధి చేసే బ్యాక్టీరియా ఎప్పటి భారానికి తగ్గట్టు అప్పుడు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

ఒంటిమీద మచ్చలు, పొడి, జిగురు

ఎక్కువమంది తొందరపడి నష్టపోయేది ఇక్కడే.

ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు ఉండి, చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంటే అది మెరైన్ ఇక్. దీనికి కారణం క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్ అనే పరాన్నజీవి. అది చేప ఒంటిమీద ఉండేది మూడు నుంచి ఏడు రోజులే. తర్వాత రాలిపోయి ఇసుక మీదో రాళ్ల మీదో గుడ్డులాంటి తిత్తి కట్టుకుంటుంది. చుక్కలు మాయమయ్యాయి, తగ్గిపోయిందని మనం సంబరపడేది సరిగ్గా ఆ సమయంలోనే. ఒక్కో తిత్తి పగిలి వందల పిల్లలు బయటికొస్తాయి. అన్నీ ఒకేసారి పగలవు. కొన్ని 72 రోజుల దాకా ఆగి పగిలినట్టు పరిశోధనల్లో తేలింది. 76 రోజులు ట్యాంకులో ఒక్క చేప కూడా లేకుండా ఉంచాలనే నియమం దాన్నుంచే వచ్చింది. నత్తలు, రొయ్యలు, పగడాలు ఉండొచ్చు. చేప మాత్రం ఒక్కటి మిగిలినా లెక్క మళ్లీ మొదటికే.

చుక్కలు అంత స్పష్టంగా లేకుండా ఒళ్లంతా సన్నని బంగారు రంగు పొడి, ఆయాసం, లైటు నుంచి తప్పించుకోవడం, పవర్‌హెడ్ ప్రవాహానికి ఎదురుగా నిలబడి ఊపిరి తీసుకోవడం... ఇవి వెల్వెట్ అనే జబ్బు లక్షణాలు. కారణం అమిలూడీనియం అనే పరాన్నజీవి. ఇది మొప్పలను ముందు పడుతుంది కాబట్టి పొడి కనబడకముందే చేప పోవచ్చు. రెండు మూడు రోజుల్లో ట్యాంకు మొత్తం ఖాళీ అయితే మొదటి అనుమానం దీనిమీదే.

క్లౌన్‌ఫిష్ ఒంటినుంచి తెల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి. దీనికి రాగి పనిచేయదు, ఫార్మలిన్ కావాలి. గుంపుగా తిరిగే చిన్న చేప క్రోమిస్ పక్కటెముకల మీద ఎర్రటి పుండు కనిపిస్తే యూరోనీమా అనే పరాన్నజీవి. ఇది మిగతావాటికంటే మొండిది. చేప లేకపోయినా ట్యాంకులోని చెత్త తింటూ బతికేస్తుంది, ఎన్ని రోజులు ఖాళీగా ఉంచినా పోదు. అలాంటి ట్యాంకులో మళ్లీ క్రోమిస్ వేయకపోవడమే మంచిది.

ఈ జబ్బుల్లో ఏది కనిపించినా మిగిలిన చేపలన్నిటినీ పట్టి హాస్పిటల్ ట్యాంకులోకి (చికిత్సకు వాడే విడి ట్యాంకు) మార్చాలి. అక్కడ ఇసుక, రాళ్లు ఉండకూడదు. దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు చాలు. ఇక్, వెల్వెట్‌లకు రాగి మందు పనిచేస్తుంది. మోతాదు సీసా మీద చెప్పినంతే వేసి, రాగి టెస్ట్ కిట్‌తో రోజూ కొలవాలి. అసలు ట్యాంకులో రాగి ఒక్క చుక్క కూడా పడకూడదు; నత్తలు, రొయ్యలు, పగడాలు చచ్చిపోతాయి. ఇక్ ఒక్కటే అయితే మందు లేకుండా కూడా వదిలించొచ్చు. చేపను 72 గంటలకోసారి పూర్తిగా శుభ్రమైన, పొడిగా ఆరిన వేరే ట్యాంకులోకి మారుస్తూ, అలా నాలుగుసార్లు చేస్తారు. తిత్తి కట్టిన పరాన్నజీవి వెనకే ఉండిపోతుంది. ఈ పద్ధతి వెల్వెట్‌కు పనికిరాదు.

76 రోజులు అనగానే టెన్షన్ మామూలే. మధ్యలో ఒక్క చేపే కదా అని ఇంకోటి తెచ్చి వేశారంటే, ఆకలితో పోవాల్సిన పరాన్నజీవికి మీ చేత్తోనే తిండి పెట్టినట్టు. ఈ విషయంలో నేను సర్దుబాటుకు ఒప్పుకోను.

రెక్కలు చిరిగాయి, మూలకు నక్కింది, తిండి మానేసింది

తోటి చేప కొడుతోంది. పగలు మనం నిలబడి చూస్తున్నప్పుడు కొట్టదు, కాబట్టి ఫోన్‌ని ట్యాంకు ముందు పెట్టి అరగంట వీడియో తీసి చూడండి. డామ్సెల్, డాటీబ్యాక్, మెరూన్ క్లౌన్ ఇందులో పేరు మోసినవి. ఒకే ఆకారమున్న టాంగ్ చేపలు కూడా ఒకదాన్నొకటి ఓర్వవు.

క్రోమిస్ గుంపు కథ విడిగా చెప్పాలి. ఆరేడు కొంటాం. నెలకొకటి తగ్గుతుంది. చివరికి ఒకటో రెండో మిగులుతాయి. గుంపులో బలహీనమైనదాన్ని మిగిలినవి వంతులేసుకుని వేధిస్తాయి, అది పోయాక తర్వాతి బలహీనమైనదానికి వంతు వస్తుంది. సముద్రంలో పారిపోవడానికి చోటుంది, గాజు పెట్టెలో లేదు. తగ్గిన సంఖ్యను మళ్లీ మళ్లీ నింపడం దండగ. మిగిలినవాటితోనే సరిపెట్టుకోండి.

చంపిన చేప ఎవరో తెలిసి, అది ఇంకా ట్యాంకులోనే ఉంటే పోయిన జాతిని తిరిగి వేయొద్దు. ఆ రౌడీని వేరే ఇంటికి పంపగలిగితే అప్పుడు ఆలోచించొచ్చు.

తింటూనే చిక్కిపోయింది

మాండరిన్ చేప అయితే దాదాపు ఖాయంగా ఆకలి చావే. అది రోజంతా రాళ్ల మీద కోపీపాడ్లు అనే అతి చిన్న పురుగుల్లాంటి జీవులను ఏరుకుని తింటుంది. కొత్త ట్యాంకులో, చిన్న ట్యాంకులో అవి కొన్ని వారాల్లో అయిపోతాయి. పైనుంచి చూస్తే తల లావుగా, వెనక ఒళ్లు సన్నగా ఉంటుంది. ట్యాంకు పాతబడి, రాత్రి గాజు మీద కోపీపాడ్లు పాకడం కళ్లకు కనిపించేదాకా రెండో మాండరిన్ ఊసే వద్దు. మిగతా చేపలు బాగా తింటూ చిక్కి, మలం తెల్లటి దారంలా వస్తుంటే పొట్టలో పురుగులు ఉండొచ్చు. మిగిలినవాటినీ గమనించండి.

తెచ్చిన మూడు నాలుగు రోజుల్లోనే పోయింది

ఇందులో ట్యాంకు తప్పు లేకపోవచ్చు. షాపుల్లో సాలినిటీ తక్కువగా ఉంచడం మామూలే. అక్కడి నుంచి నేరుగా 1.025లోకి వస్తే చేప తట్టుకోలేదు. సాలినిటీ తగ్గడం కంటే పెరగడమే దానికి కష్టం. చాలా గంటలు ప్రయాణం చేసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోయి ఉంటుంది, అందుకే లోపలున్న అమోనియా అంతగా హాని చేయదు. సంచి విప్పగానే పీహెచ్ పెరుగుతుంది, అదే అమోనియా విషమవుతుంది. అలాంటి సంచిలో గంటల తరబడి చుక్క చుక్క నీళ్లు కలపడం మంచికి చేసినా చెడే అవుతుంది. క్వారంటైన్ ట్యాంకు (కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచేది) సాలినిటీని ముందే సంచితో సమానంగా పెట్టుకుని, వేడి సర్దుబాటు కాగానే చేపను అందులో వదిలి, కొన్ని రోజుల్లో మెల్లగా పెంచండి. చేప క్వారంటైన్‌లోనే పోతే అసలు ట్యాంకుకు ప్రమాదం లేదు. నేరుగా ట్యాంకులో వేసి ఉంటే మాత్రం అది జబ్బు కూడా తెచ్చిందేమోనని నెలపాటు చూడాల్సిందే.

జంటలో ఒకటి పోయింది

ఎక్కువగా అడిగేది క్లౌన్‌ఫిష్ గురించి. ఇవన్నీ మొదట మగవిగా ఎదుగుతాయి. జంటలో పెద్దది ఆడదవుతుంది. ఆడది పోతే మిగిలిన మగదే కొన్ని వారాల నుంచి నెలల్లో ఆడదిగా మారుతుంది. ఒకసారి ఆడదయ్యాక వెనక్కి మగదిగా మారదు. కాబట్టి కొత్తది ఎప్పుడూ మిగిలినదానికంటే బాగా చిన్నదై ఉండాలి. సమానమైన సైజుది తెస్తే రెండు ఆడవి పోరాడినట్టే, ఒకటి పోయేదాకా ఆగదు. చిన్నది పక్కకు వాలి గజగజ వణికితే భయపడకండి, పెద్దదానికి లొంగుతున్నానని చెప్పడం అది. తోక చిరిగితే మాత్రం వెంటనే విడదీయాలి. ఒంటరి క్లౌన్ సంవత్సరాల తరబడి హాయిగా బతుకుతుంది. మంచి సంరక్షణలో ఇవి 20 ఏళ్లు దాటిన సందర్భాలున్నాయి. జోడీ తప్పనిసరి అనేది మన ఊహే.

సరే, వేయొచ్చని తేలింది

ఇంకొక్క ప్రశ్న వేసుకోండి. ఆ చేప పోయాక నైట్రేట్ (వ్యర్థాల నుంచి చివరికి నీళ్లలో పేరుకునేది) తగ్గిందా, మిగిలినవి స్వేచ్ఛగా తిరుగుతున్నాయా? అయితే ట్యాంకు అప్పటిదాకా కిక్కిరిసి ఉందన్నమాట. అలాంటప్పుడు నేనైతే ఆ చోటు ఖాళీగానే వదిలేస్తాను.

వేయాలనే అనుకుంటే ముందు నాలుగు నుంచి ఆరు వారాలు క్వారంటైన్. తర్వాత గళ్లున్న పారదర్శకమైన పెట్టెను ట్యాంకులోనే వేలాడదీసి, కొత్త చేపను అందులో మూడు నాలుగు రోజులు ఉంచండి. పాతవి దాన్ని చూస్తాయి, ముక్కుతో పొడుస్తాయి, మెల్లగా విసుగొచ్చి వదిలేస్తాయి. టాంగ్ ఉంటే బయట గాజుకు అద్దం ఆనించండి, దాని కోపమంతా తన ప్రతిబింబం మీదే పోతుంది. వదిలేముందు రెండు మూడు రాళ్లు జరిపితే పాత సరిహద్దులు చెరిగిపోతాయి. పాతవాటికి ముందు తిండి పెట్టి, లైట్లు ఆర్పి వదలండి. వెంటపడటం మొదటి గంటలో మామూలే. రెక్కలు చిరిగేదాకా వస్తే మళ్లీ పెట్టెలోకి తీసి ఇంకో వారం ఆగండి. రెండోసారీ అదే జరిగితే కొత్తదాన్ని తిరిగి ఇచ్చేయండి.