పొప్పేయా ఓపెరాను మొదటిసారి ఇలా వినండి

రోమన్ చరిత్ర ఓపెరాలో ఎలా మారుతుందో తెలియాలంటే మాంటెవెర్డి స్వరపరిచిన ‘పొప్పేయా పట్టాభిషేకం’తో మొదలుపెట్టండి. దీన్ని 1643లో వెనిస్‌లో ప్రదర్శించారు. ముందుగా రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసిన చరిత్రలో నీరో చక్రవర్తి భాగం చదవండి. నేనైతే కాగితం మీద రెండే తేదీలు రాసుకుని కూర్చుంటాను: నీరో, పొప్పేయాల పెళ్లి క్రీ.శ. 62, నీరో గురువైన తత్వవేత్త సెనెకా మరణం 65. ఓపెరాలో ఈ వరుస తలకిందులవుతుంది. పెళ్లికి అడ్డుచెప్పే గొంతు తొలగాలి కాబట్టి సెనెకా ముందే చనిపోతాడు.

తర్వాత గొంతులు గమనించండి. సెనెకాది మంద్రస్థాయి. నీరో పాత్రను చిన్నప్పుడే శస్త్రచికిత్స చేసి గొంతు మారకుండా ఆపిన కాస్ట్రాటో గాయకుడి కోసం రాశారు. ఇప్పుడు ఎక్కువగా స్త్రీలు గానీ, తారస్థాయిలో పాడే మగ గాయకులు (కౌంటర్ టెనర్లు) గానీ పాడతారు. చక్రవర్తికి అంత తారస్థాయి గొంతేమిటని మొదట తికమకపడ్డాను. అది పొప్పేయా గొంతుతో అల్లుకుపోయినప్పుడు అర్థమైంది.

రెండో అంకంలో ‘చనిపోవద్దు సెనెకా’ అని సన్నిహితులు వేడుకునే చోట ఆగి, మళ్లీ వినండి. స్వరాలు అర మెట్టు చొప్పున పైకి పాకుతుంటే నాకు ప్రతిసారీ గుండె బిగుసుకుపోతుంది.

చివరి యుగళగీతం మాంటెవెర్డిది కాకపోవచ్చని పలువురు పండితుల అభిప్రాయం, అయినా వదలకండి. గర్భవతి అయిన పొప్పేయా నీరో తన్నిన దెబ్బకు చనిపోయిందని టాసిటస్ రాశాడు. ఆ వాక్యం చదివాకే ఆ పాట వినండి.