చీమల దగ్గరికి నిజంగానే వెళ్లాలంటే

బాపట్ల దగ్గర మా ఊరి సంఘంలో పంతొమ్మిదేళ్లుగా సండే స్కూల్ చెబుతున్నాను. "సోమరీ, చీమలయొద్దకు వెళ్లుము" అన్న సామెతల గ్రంథం మాట ఎంతమంది పిల్లల చేత బట్టీ పట్టించానో లెక్కలేదు. మూడేళ్ల కిందట ఆ పాఠానికే చార్టు మీద పెద్ద చీమను వేసి తీసుకెళ్లాను. నాలుగో తరగతి పిల్లాడొకడు లేచి, "టీచరమ్మా, చీమకు ఆరు కాళ్లు. మీరు నాలుగే వేశారు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చాక మాత్రం సిగ్గేసింది. వెళ్లమని పిల్లలకు చెప్పడమే గానీ నేను ఒక్కనాడూ వెళ్లలేదు.

ఆ వచనం అక్కడితో ఆగదు. "వాటి నడతలు కనిపెట్టి జ్ఞానము తెచ్చుకొనుము" అంటుంది. దేవుడి కోసం ఓపిగ్గా ఎదురుచూసే ప్రార్థనను మేం కనిపెట్టు ప్రార్థన అంటాం చూడండి, ఆ కనిపెట్టడమే ఇదీ. అప్పటినుంచి వారానికి రెండు మూడు రోజులు నేను చేస్తున్న పద్ధతి చెబుతాను.

ఎండాకాలమైతే ఆరింటికల్లా కూర్చోవాలి. చిన్న పీట, నోటుబుక్కు, గుప్పెడు నూకలు, గోరంత బెల్లం చాలు. ఫోన్ ఇంట్లో వదిలేయండి. మామిడిచెట్టు కింద కూర్చునేటట్టయితే ముందు తల ఎత్తి చూడండి. ఆకులు కలిపి కుట్టిన గూడు కనబడితే ఇంకోచోటికి పొండి. ఆ ఎర్రచీమలు మీద పడితే ప్రార్థనా ఉండదు, పాఠమూ ఉండదు. చీమల మందు సుద్దముక్కతో గీతలు గీసిన అరుగూ పనికిరాదు.

నూకలు ఒకచోట, బెల్లం జానెడు దూరంలో పెట్టి ఇరవై నిమిషాలు కదలకండి. మొదటి పది నిమిషాలు విసుగొస్తుంది, పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. ఒక చీమ బెల్లం రుచి చూసి వెనక్కి మళ్లినప్పటినుంచి అసలు సంగతి మొదలవుతుంది. పొట్ట కొసను నేలకు తాకిస్తూ పోతుంది. అది వదిలిన వాసన జాడ పట్టుకుని మిగతావి వస్తాయి. బారు కట్టాక మధ్యలో ఒక్కచోట తడివేలితో నేల తుడవండి. రెండు పక్కలా ఆగిపోతాయి, అటూఇటూ వెతుకుతాయి. చివరికి ఏదో ఒకటి దాటుతుంది. ఎంతసేపటికి దాటిందో రాసుకోండి.

నోటుబుక్కులో ఎడమ పేజీ చూసినదానికి, కుడి పేజీ బైబిల్ వాక్యానికి. కుడి పేజీని వారం దాకా ముట్టుకోవద్దు. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే. దేన్ని చూసినా అప్పటికప్పుడు పాఠం లాగేయడం మనకు అలవాటు. మొదటిరోజే "చీమకు ఖాళీ అన్నది లేదు" అని రాశాను. నాలుగోరోజు చూస్తే పుట్ట మూతి దగ్గర కొన్ని ఊరికే నిలబడి ఉన్నాయి. గూట్లో చాలా చీమలు పని లేకుండా ఉంటాయని పరిశోధకులూ గమనించారట. ప్రసంగానికి అడ్డొస్తుందని ఆ నిలబడ్డ చీమల సంగతి కొట్టేయలేదు, అలాగే ఉంచాను.

చూడకుండా మాట్లాడేది మనమే కాదు. చీమలు కోతకాలంలో ధాన్యం కూర్చుకుంటాయని ఆ వచనాల్లోనే ఉంది. చీమలు గింజలు దాచుకోవు, సామెతలు చెప్పిన సొలొమోను పొరబడ్డాడు అని ఒకప్పుడు యూరప్ పండితులు కొందరు అన్నారు. వాళ్ల చలిదేశాల చీమలు దాచవు మరి. మోగ్రిడ్జ్ అనే ఆయన జబ్బు మనిషి, చలికాలాలు దక్షిణ ఫ్రాన్స్‌లో గడిపేవాడు. అక్కడ పుట్టలు తవ్వి గింజల కొట్లు కళ్లారా చూసి 1873లో పుస్తకం వేశాడు. దానికి దాదాపు నలభై ఏళ్ల ముందే పుణెలో సైక్స్ అనే సైనికాధికారి, వాన వెలిశాక చీమలు గింజలు బయటికి తెచ్చి ఆరబెట్టడం చూశాడు.

పిల్లలు తప్పకుండా రాణి చీమ గురించి అడుగుతారు. వాటికి అధిపతి లేడని వాక్యం అంటోంది కదా అని నిలదీస్తారు. రాణి గుడ్లు పెడుతుందే గానీ ఎవరికీ ఆర్డర్లు వేయదని చెప్పండి. ఇంకో సంగతి: మేతకు బయటికొచ్చే చీమలన్నీ ఆడవే, వాటిలోనూ ఎక్కువగా వయసు మళ్లినవే. లేతవి లోపల పిల్లల్ని సాకుతాయి. ప్రమాదమున్న పని పెద్దవాళ్లది. మా సంఘంలో పెద్దవాళ్లకు ముందు వరుస కుర్చీలు వేస్తాం. దీనికి కుడి పేజీలో ఏం రాశానో పాస్టరుగారికి చూపించలేదు.

సామెతలు 30వ అధ్యాయంలో చిన్నవైనా జ్ఞానం గలవని చెప్పిన జీవులు నాలుగున్నాయి: చీమలు, చిన్న కుందేళ్లు, మిడతలు, బల్లి. చిన్న కుందేళ్లని మన బైబిల్లో ఉన్న జంతువు మన దేశంలో లేదు, వదిలేయండి. మిడతల జోలికి నేను పోను. ఐక్యతకు వాటినే చూపిస్తారు గానీ, 2020లో మహారాష్ట్ర దాకా వచ్చిన దండు తెలంగాణ సరిహద్దు రైతులకు ఎంత టెన్షన్ పెట్టిందో గుర్తుంది. మిడతలు దేశాన్ని పాడుచేసిన సంగతి చెప్పే యోవేలు గ్రంథం చదివినవాళ్లకు ఆ ఐక్యత ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

బల్లికి మాత్రం ఒక రాత్రి కేటాయించండి. మీద పడితే ఏమవుతుందోనని కంగారుపడే విశ్వాసుల ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి మరీ ముఖ్యం. తొలకరి పడి ఉసిళ్లు లేచిన రాత్రి వరండా ట్యూబులైటు కింద కూర్చోండి. నలభై నిమిషాల్లో మా బల్లి పదకొండుసార్లు ఎగబడింది, దొరికినవి నాలుగు. తప్పినప్పుడల్లా అక్కడే మళ్లీ బిగుసుకుని ఉండిపోయేది.

గింజలు ఆరబెట్టడం చూడాలనుంటే, వాన వెలిసి ఎండ కాసిన పొద్దున బీడు గట్ల వెంట వెతకండి. పుట్ట మూతి చుట్టూ గడ్డిగింజలు పొట్టుతో సహా పరిచి ఉంటాయి. అడుగు చూసి వేయండి. మూడేళ్లలో నాకు రెండుసార్లే కనబడింది, అందులో ఒకసారి తొక్కేశాక చూసుకున్నాను.