ఇసుక ద్వీపంలో ఫోర్‌వీల్ డ్రైవ్ ప్రయాణం: గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగువారికి దరఖాస్తు విధానం

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరాన ఉన్న కె'గారి ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక ద్వీపం. చాలాకాలం ఫ్రేజర్ ఐలాండ్‌గా చలామణీ అయిన ఈ ద్వీపానికి అక్కడి ఆదివాసులైన బచ్చులా ప్రజలు పిలుచుకునే కె'గారి అనే పేరును 2023 జూన్‌లో ప్రభుత్వం అధికారికంగా ఖాయం చేసింది. మొదటి అక్షరం పలకకుండా 'గర్రి' అనాలి. సుమారు 123 కిలోమీటర్ల పొడవున్న ఈ దీవిలో ఇసుక మీదే వర్షారణ్యం పెరిగింది, ఇసుక దిబ్బల నెత్తిన మంచినీటి సరస్సులు నిలిచాయి. 1992లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తిరగడానికి ఉన్నవి ఇసుక బాటలూ సముద్రపు ఒడ్డూ మాత్రమే కనుక, నేలకు ఎత్తుగా ఉండే ఫోర్‌వీల్ డ్రైవ్ బండి (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేది) లేకుండా అక్కడ సొంతంగా తిరగడం కుదరదు.

బ్రిస్బేన్‌లోనో సిడ్నీలోనో స్థిరపడిన పిల్లల దగ్గరకు పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడల నుంచి వెళ్లే కుటుంబాలు ఈ మధ్య ఈ ద్వీపం గురించి తరచుగా అడుగుతున్నాయి. ద్వీపంలో బండి నడపడానికి కావలసిన పర్మిట్ ఆన్‌లైన్‌లో కాసేపట్లో ముగిసే పని. నెలల తరబడి కాలం తినేది మన జిల్లాలో మన పేరు మీద ఉన్న కాగితాలను ఒకదానితో ఒకటి పొసిగేలా చేసుకోవడం. అందువల్ల ఈ వివరణలో ఎక్కువ భాగం ఆ పనికే కేటాయిస్తున్నాను.

దరఖాస్తులను పాస్‌పోర్టు, ఆస్ట్రేలియా సందర్శక వీసా, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, ఆపైన ద్వీపంలోని వాహన పర్మిట్, క్యాంపింగ్ పర్మిట్ అనే వరుసలో పెట్టుకోవాలి. వరుస తప్పితే డబ్బు వృథా కావచ్చు. ఉదాహరణకు, ద్వీపపు వాహన పర్మిట్ బండి రిజిస్ట్రేషన్ నంబరు మీద ఇస్తారు కనుక, అద్దె బండి ఏదో తేలకముందు ఆ దరఖాస్తు పూర్తి చేయలేము.

పాస్‌పోర్టు ఉన్నవారు తిరుగు ప్రయాణం తరువాత కూడా కనీసం ఆరు నెలల గడువు మిగిలేలా చూసుకోవాలి. కొత్తగా తీసుకునేవారు సొంత రాష్ట్రపు కార్యాలయానికే వెళ్లాలన్న నియమం 2018 నుంచి లేదు. భువనేశ్వర్ కంటే విశాఖపట్నం దగ్గరయ్యే పర్లాకిమిడి, రాయగడ వాసులు అక్కడ అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు. పోలీసు విచారణ మాత్రం దరఖాస్తులో రాసిన చిరునామా పరిధిలోని ఠాణా నుంచే జరుగుతుంది.

ఇక్కడే మన జిల్లాలకు ప్రత్యేకమైన రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది జన్మస్థలం. గజపతి జిల్లా గంజాం నుంచి, రాయగడ జిల్లా కోరాపుట్ నుంచి 1992 అక్టోబరు 2న విడిపోయాయి. అంతకుముందు పర్లాకిమిడిలో పుట్టినవారి పాత ధ్రువపత్రంలో గంజాం అని, ఇటీవలి కాగితాల్లో గజపతి అని ఉండడం సహజమే. కానీ ఒక్కో దరఖాస్తులో ఒక్కో విధంగా రాస్తే ఆ తేడాను వివరించుకోవలసి వస్తుంది. పాస్‌పోర్టులో ఏది అచ్చయిందో దానినే తరువాతి ప్రతి దరఖాస్తులోనూ అక్షరం మారకుండా రాయాలి.

రెండవది పేరు. ఒడియా ఉచ్చారణలో మన 'వ' నిలబడదు. వెంకటరావు అనే పేరు ఒడియా లిపిలోకి వెళ్లి 'భెంకట రావు' అవుతుంది, దానిని మళ్లీ ఇంగ్లీషులోకి దించిన గుమస్తా చేతిలో 'బి' అక్షరంతో మొదలవుతుంది. పాఠశాల సర్టిఫికెట్‌లో 'వి', భూమి పట్టాలో 'బి', డ్రైవింగ్ లైసెన్సులో ఇంటిపేరుకు బదులు ఒక పొడి అక్షరం, ఇలా ఒకే మనిషి ముగ్గురుగా కనిపిస్తాడు. నా లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండడం వల్ల, ఒక కార్యాలయంలో నా దరఖాస్తును వెనక్కి పంపారు. లైసెన్సు సరిచేయించుకుని తిరిగి వచ్చేసరికి మూడు వారాలు గడిచాయి. కాబట్టి పాస్‌పోర్టును ప్రమాణంగా పెట్టుకుని, ముందు లైసెన్సులో పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోవాలి.

ఆస్ట్రేలియా వీసాకు భారత పాస్‌పోర్టు ఉన్న పర్యాటకులు సబ్‌క్లాస్ 600 అనే సందర్శక వీసా కోసం, ఆ దేశ హోం అఫైర్స్ శాఖ వారి ఇమ్మిఅకౌంట్ అనే ఆన్‌లైన్ ఖాతా తెరిచి దరఖాస్తు చేయాలి. కొన్ని దేశాల వారికి ఉన్న తేలికపాటి ఎలక్ట్రానిక్ అనుమతి మనకు వర్తించదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉద్యోగులైతే సెలవు మంజూరు పత్రం, వ్యాపారులైతే ఆదాయపు పన్ను రిటర్నులు, అక్కడ బంధువులుంటే వారి ఆహ్వాన లేఖ, ప్రయాణ ప్రణాళిక జతచేయాలి. తిరిగి వస్తారన్న నమ్మకం కలిగించడానికి మనవాళ్లు భూమి పట్టా కూడా పెడుతుంటారు. అది ఒడియాలో ఉంటుంది కనుక ఇంగ్లీషు అనువాదాన్ని మూలంతో కలిపి జతచేయాలి, లేకపోతే ఆ కాగితం ఉండీ లేనట్టే. వీసా పాస్‌పోర్టులో అంటించే స్టిక్కరు కాదు. మంజూరు లేఖ ఈ-మెయిల్‌లో వస్తుంది, దాని ప్రతిని అచ్చు తీసి దగ్గర ఉంచుకోవాలి. ఆ లేఖ చేతికి రాకముందు, రద్దు చేస్తే డబ్బు తిరిగిరాని విమాన టిక్కెట్లు గాని బండి బుకింగు గాని పెట్టుకోకూడదు.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మన రవాణా శాఖ ఇచ్చేది. పరివాహన్ వెబ్‌సైట్‌లోని సారథి విభాగంలో ఒడిశా రాష్ట్రాన్ని ఎంచుకుని, లైసెన్సు సేవల్లోకి వెళ్లి, లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇస్తే మన వివరాలు తెరుచుకుంటాయి. వాటిలో అంతర్జాతీయ పర్మిట్ సేవను ఎంచుకుని, ఫారం 4ఎ నింపి, పాస్‌పోర్టు, లైసెన్సు ప్రతులు, ఫొటో జతచేసి, 1,000 రూపాయల రుసుము చెల్లించాలి. వైద్య ధ్రువపత్రం, వీసా తప్పనిసరిగా చూపాలన్న షరతులను 2021 జనవరిలో తొలగించారు. అయినా వీసా వచ్చాక ఈ దరఖాస్తు పెట్టడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ పర్మిట్ గడువు జారీ అయిన రోజు నుంచి ఒక్క సంవత్సరమే. లైసెన్సు గడువు అంతకంటే ముందే తీరిపోతే పర్మిట్ కూడా దానితోనే ముగుస్తుంది.

సరిహద్దు ఊళ్లలో ఉండే ఇంకో సంగతి కూడా చెప్పాలి. పర్లాకిమిడిలో నివాసం, పాతపట్నంలో బంధువులు, లైసెన్సు మాత్రం శ్రీకాకుళంలో తీసుకున్నది, అనే వారు మన వైపు చాలామంది ఉన్నారు. అలాంటి లైసెన్సుతో ఒడిశా పేరు కింద వెతికితే పని ముందుకు సాగదు. చిరునామా మార్పు సేవ ద్వారా లైసెన్సును ఇప్పటి నివాసానికి మార్పించుకోవడం అన్నిటికంటే నికరమైన దారి. దానికి సమయం పడుతుంది కనుక, వీసా దరఖాస్తు పెట్టిన రోజే ఈ పని మొదలుపెట్టవచ్చు. చిన్న పుస్తకం రూపంలో ఉన్న పాత లైసెన్సులు కంప్యూటరులోకి ఎక్కకపోయి ఉంటే, ముందు ఆర్టీవో కార్యాలయంలో బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి. బండి నడిపేటప్పుడు అంతర్జాతీయ పర్మిట్‌తో పాటు అసలు లైసెన్సు కూడా చేతిలో ఉండాలి, ఒకటి రెండోదానికి బదులు కాదు. అక్కడా ఎడమవైపే నడపాలి కనుక రోడ్డు మీద మనవారికి తడబాటు తక్కువే, తడబాటంతా ఇసుకలోకి దిగాకే.

ద్వీపానికి సంబంధించిన రెండు పర్మిట్లనూ క్వీన్స్‌లాండ్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ వారి ఆన్‌లైన్ బుకింగ్ ద్వారా తీసుకోవాలి. వాహన పర్మిట్ రెండు రకాలు: ఒక నెల వరకు చెల్లేది, ఒక సంవత్సరం వరకు చెల్లేది. సెలవు ప్రయాణానికి మొదటిది చాలు. దక్షిణాన ప్రధాన భూభాగంలో ఉన్న కూలూలా తీరపు ఇసుక మీద కూడా నడపాలనుకుంటే, రెండు ప్రాంతాలకూ కలిపి ఇచ్చే పర్మిట్ తీసుకోవాలి. కొన్ని అద్దె సంస్థలు ఈ పర్మిట్‌ను తామే తీసి ఇస్తాయి. అడిగి తెలుసుకోకుండా మనమూ తీసుకుంటే రుసుము రెండుసార్లు కట్టినట్టవుతుంది. మామూలు అద్దె ఒప్పందాల్లో ఇసుక మీద నడపకూడదనే షరతు ఉంటుంది కనుక, ద్వీపానికి అనుమతి ఉన్నదని ఒప్పందంలో రాసి ఉన్న బండినే తీసుకోవాలి. స్టీరింగు పట్టే ప్రతి ఒక్కరి పేరూ అందులో చేర్చాలి. ఇసుక మీద ఎన్నడూ నడపని వారికి, ముందు బండిలో మార్గదర్శి వెళుతుండగా మనం వెనుక నడుపుకుంటూ వెళ్లే యాత్రలూ ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవారికి నేను దానినే సూచిస్తాను.

రుసుము కార్డు ద్వారా చెల్లించాలి. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ చెల్లింపులు మొదట మూసే ఉంటాయి, బ్యాంకు యాప్‌లోకి వెళ్లి తెరుచుకోవాలి. ఆఖరి పేజీలో కార్డు తిరస్కరణకు గురై దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి నింపినవారు నాకు తెలిసినవారిలోనే ఇద్దరున్నారు.

క్యాంపింగ్ పర్మిట్ గుడారం వేసుకుని ఉండదలచినవారికి, రాత్రులను బట్టి, చోటును బట్టి ఇస్తారు. ముందు అక్కడికి చేరుకుని తరువాత తీసుకుందామంటే కుదరదు. దసరా సెలవులకు వెళ్లేవారు ఒక సంగతి గమనించాలి: సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో క్వీన్స్‌లాండ్ బడులకు కూడా సెలవులే కనుక మంచి చోట్లు చాలా ముందుగా నిండిపోతాయి. పిల్లలున్నవారు డుందుబారా, వాడీ పాయింట్ వంటి కంచె ఉన్న క్యాంపులను ఎంచుకోవాలి. డింగో అనే అడవి కుక్కలు అక్కడ స్వేచ్ఛగా తిరుగుతాయి, వాటికి తిండి పెట్టడం భారీ జరిమానాకు దారితీసే నేరం. తిండి అంతా బండిలోనో గట్టి డబ్బాలోనో పెట్టి తాళం వేయాలి. ఇక్కడి నుంచి తీసుకెళ్లే పచ్చళ్లను ఆస్ట్రేలియాలో దిగే ప్రయాణికులు నింపే కార్డులో తప్పక ప్రకటించాలి. చెనాపోడా వంటి పాల పదార్థాలను ఇంటి దగ్గరే వదిలిపెట్టడం మంచిది.

తేదీలు ఖాయం చేసే ముందు పోటు, పాటు వేళల పట్టిక చూసుకోవాలి. గోపాలపురం తీరంలో కెరటం వెనక్కి వెళ్లాక గట్టిగా, నున్నగా, అడుగు దిగబడకుండా మిగిలే తడి ఇసుక పట్టీని చూసినవారికి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. ద్వీపం తూర్పున ఉన్న సెవెంటీఫైవ్ మైల్ బీచ్‌లో రోడ్డు అంటే ఆ పట్టీయే. నిండు పోటుకు ముందు రెండు గంటలు, తరువాత రెండు గంటలు అది నీటి కింద ఉండవచ్చు కనుక ఆ సమయంలో నడపకూడదు. ఆ ఒడ్డున గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు, లోపలి బాటల్లో 30. మెత్తని ఇసుకలో దిగబడకుండా ఉండడానికి టైర్లలో గాలి తగ్గిస్తారు. ఎంత తగ్గించాలో బండి ఇచ్చినవారిని అడిగి రాసుకోవాలి.

ద్వీపానికి బండ్లను దాటించే బల్లకట్టు లాంటి పడవను బార్జ్ అంటారు. బార్జ్ టిక్కెట్టు పర్మిట్‌లో భాగం కాదు, దానిని వేరుగా కొనాలి. ఇన్‌స్కిప్ పాయింట్ నుంచి ద్వీపపు దక్షిణ కొన అయిన హుక్ పాయింట్‌కు దాటడానికి పది నిమిషాలు చాలు. కానీ దిగగానే చక్రాలు సముద్రపు ఒడ్డు మీదనే ఉంటాయి కనుక పాటు వేళకు దిగేలా చూసుకోవాలి. రివర్ హెడ్స్ నుంచి వెళ్లే బార్జ్ పడమటి వైపు చేరుస్తుంది, దానికి ముందుగా బుక్ చేసుకోవాలి. బండి చేతికి వచ్చిన రోజున నంబరు ప్లేటును పర్మిట్‌లోని నంబరుతో సరిచూసుకోవాలి. అద్దె సంస్థ ఆఖరి నిమిషంలో వేరే బండి ఇచ్చిన పక్షంలో, పర్మిట్‌లో ఆ కొత్త నంబరు నమోదయ్యాకే బార్జ్ ఎక్కాలి.