తెల్లవారుజాము ఆర్డర్లు నిన్నటి లెక్కలో పడుతుంటే

బెంగళూరు మారతహళ్లిలోని ఒక టిఫిన్ సెంటర్ ఆర్డర్ల యాప్, జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) రాసింది. పొద్దున 5 గంటలకు వచ్చిన 40 ఇడ్లీల ఆర్డరు నిన్నటి తేదీతో సేవ్ అయ్యేది. 5:30 దాటాక వచ్చినవన్నీ సరిగ్గానే ఉండేవి. ఆ 5:30 దగ్గరే విషయం దొరికింది: మన టైము యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు ముందు.

జాంగో సెట్టింగ్స్‌లో యూజ్_టీజెడ్ (టైమ్‌జోన్లు వాడాలా అన్న సెట్టింగ్) ట్రూగా ఉంటే టైమ్‌జోన్.నౌ() యూటీసీ టైమే ఇస్తుంది. దానికి .డేట్() తగిలిస్తే మనకు తెల్లవారబోతున్నా అక్కడ ఇంకా నిన్నే. సెట్టింగ్స్‌లో టైమ్_జోన్‌ను ఏషియా/కోల్‌కతా చేసినంత మాత్రాన ఇది పోదు. చాలామంది అక్కడే ఆగిపోతారు. అది ఉంచి, తేదీ తీసే చోట టైమ్‌జోన్.లోకల్‌డేట్() వాడాలి, అది మన టైము ప్రకారం తేదీ ఇస్తుంది.

మోడల్‌లో (డేటాబేస్ పట్టికను వర్ణించే కోడ్) లోకల్‌డేట్‌ను డిఫాల్ట్‌గా పెడితే మాత్రం చివర బ్రాకెట్లు () వద్దు. పెడితే సర్వర్ మొదలైన రోజు తేదీయే, మళ్లీ రీస్టార్ట్ చేసేదాకా ప్రతి ఆర్డరుకూ అంటుకుంటుంది.

పాత వరుసలు వదిలేయకండి, రోజువారీ లెక్క తేలదు. క్రియేటెడ్_యాట్ (ఆర్డరు సేవ్ అయిన సమయం) విలువను లోకల్‌డేట్‌కు ఇచ్చి తేదీలు తిరగరాశాను. ముందు జాంగో షెల్‌లో (కమాండ్లు టైపు చేసి చూసే చోట) లోకల్‌డేట్‌కు 23:30 యూటీసీ ఇచ్చి చూడండి, మర్నాటి తేదీ రావాలి.