పేరు ఒకటే, ఊళ్లు రెండు

ఒడిశాలోని బరంపురంలో మా అమ్మ, పిన్ని కలిసి అప్పడాలు, ఆవకాయ అమ్ముతారు. వెబ్‌సైట్ పెట్టాక ఫోన్లయితే వచ్చాయి, కానీ చాలావరకు పశ్చిమ బెంగాల్ నుంచి! "ముర్షిదాబాద్‌లో మీ షాపు ఎక్కడ?" అని. అక్కడా బహరంపూర్ ఉంది, ఇంగ్లిష్ స్పెల్లింగు దాదాపు మనదే. మన ఊరికేమో ఆఫీసు కాగితాల మీద బ్రహ్మపుర్, ఇంట్లో బరంపురం.

సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ తెరిచి, జనం ఏ మాటలతో వెతికి మా పేజీకి వస్తున్నారో చూశాను. ఒక్క తెలుగు మాట లేదు. ఉండదు కూడా, సైటంతా నేను ఇంగ్లిషులోనే రాశాను.

ముందు ప్రతి పేజీ టైటిల్లో "బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా" చేర్చాను. గూగుల్ మ్యాప్‌లో షాపు వివరాలు చూపే బిజినెస్ ప్రొఫైల్లో పిన్ మా వీధికి జరిపాను. షాపు పేరులో మాత్రం ఊరు, సరుకు ఇరికించలేదు, అది గూగుల్ ఒప్పుకోదు.

అసలు పని ఆ తర్వాతే. అమ్మ పక్కన కూర్చుని, మినప్పిండి ముద్దను చేతికి నూనె అద్దుకుంటూ ఎంతసేపు దంచుతుందో, మబ్బు పడితే అప్పడాలు ఎందుకు ఒత్తదో ఆమె మాటల్లోనే తెలుగులో రాశాను. ఒడియా పేజీని పక్కింటి వదిన దిద్దింది. అప్పడం నూనెలో పొంగే చిన్న వీడియో ఇన్‌స్టాలో పెట్టాం.

ఫలితం కనిపించడానికి రెండు నెలలు పట్టింది. మొన్న మాకు దగ్గర్లోని ఇచ్ఛాపురం నుంచి ఫోన్: "అమ్మా, ఎండ బాగుందిగా, అప్పడాలు ఒత్తారా?"