ఉపమా, రూపకమా, ఉత్ప్రేక్షా? తేల్చుకునే పద్ధతి

వాక్యంలో ‘లా’, ‘వలె’ కనపడగానే ఉపమాలంకారం అని రాసేయడం దగ్గరే చాలామంది తప్పుతారు. ముందు ఉపమకు ఉండే నాలుగు అంగాలు వెతకండి. ‘హుస్సేన్‌సాగర్ అద్దంలా మెరుస్తోంది.’ ఇందులో హుస్సేన్‌సాగర్ ఉపమేయం (మనం వర్ణిస్తున్నది), అద్దం ఉపమానం (దేనితో పోల్చామో అది), ‘లా’ ఉపమావాచకం (పోలికను చెప్పే మాట), మెరవడం సమానధర్మం (రెండింటికీ ఉన్న గుణం). నాలుగూ ఉంటే పూర్ణోపమ. ‘మెరుస్తోంది’ తీసేసి ‘అద్దంలా ఉంది’ అంటే సమానధర్మం లోపించింది కాబట్టి లుప్తోపమ. ‘ఈ హోటల్ బిర్యానీ ఆ హోటల్ బిర్యానీలా ఉంది’ అంటే మాత్రం అలంకారమే కాదు. పోలిక ఉంది, చమత్కారం లేదు.

పోలికను దాటి ఊహ మొదలైతే ఉత్ప్రేక్ష. ‘చార్మినార్ నాలుగు మినార్లు ఆకాశాన్ని మోస్తున్న చేతులో అన్నట్లున్నాయి.’ 1591లో కట్టిన ఆ మినార్లు దేన్నీ మోయడం లేదు, మోస్తున్నాయేమోనని మనం ఊహించాం. వాక్యంలో ‘ఏమో’, ‘కాబోలు’, ‘అన్నట్లు’ ఇమిడితే దాదాపు ఉత్ప్రేక్షే.

రూపకంలో ఉపమేయానికీ ఉపమానానికీ భేదమే ఉండదు. ‘బోనాలకు లాల్‌దర్వాజాలో జనసముద్రం పొంగింది’ అంటే జనమే సముద్రం.

అసలు చిక్కు సమాసాలతోనే. ‘ముఖపద్మం’ అన్న మాట ఒక్కటే ఇస్తే ఏ అలంకారమో తేల్చలేం, క్రియ చూడాలి. ‘ముఖపద్మం వికసించింది’ అన్నప్పుడు వికసించడం పద్మం పని. పద్మానికే ప్రాధాన్యం, రూపకం. ‘ముఖపద్మం చిరునవ్వు నవ్వింది’ అన్నప్పుడు నవ్వేది ముఖం. పద్మం లాంటి ముఖం అని అర్థం, ఉపమ. విగ్రహవాక్యం (సమాసాన్ని విడదీసి అర్థం చెప్పే వాక్యం) బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. క్రియ ఎవరి పనో అడిగితే చాలు, గొప్ప సాధనం ఇది.

జవాబులో అలంకారం పేరు, లక్షణం రాసి ఆపేయకండి. ఇచ్చిన వాక్యంలో ఏ మాట ఏ అంగమో చూపించే సమన్వయం తప్పనిసరి.

ఇక అతిశయోక్తి అలంకారం నిజాన్ని దాటినప్పుడే మొదలవుతుంది. గోల్కొండ కోట ప్రవేశద్వారం దగ్గర చప్పట్లు కొడితే కొండ మీది బాలా హిస్సార్ మంటపంలో వినిపిస్తుంది. వినడానికి అతిశయోక్తిలా ఉన్నా నిజం, కాబట్టి అలంకారం లేదు. ఆ చప్పట్లకు ఢిల్లీ ఉలిక్కిపడిందంటే అప్పుడు అతిశయోక్తి.