సీమ ఎండలో తక్కువ ఖర్చు థ్రిల్లర్ తీయాలంటే

బెంగళూరులో ఉద్యోగాలు మానేసి ఒక జంట ఊరికి దూరంగా చేలో ఇల్లు తీసుకుంటుంది, నాలుగో రోజుకి అక్కడ తాము ఇద్దరమే లేమని తెలుస్తుంది. ఇలాంటి కథ రాసుకున్నవాళ్లు ముందు నల్లమల వైపే చూస్తారు. చిన్న బడ్జెట్ అయితే అటు వెళ్లకండి. అక్కడ పెద్ద భాగం టైగర్ రిజర్వ్, అటవీ శాఖ అనుమతి లేకుండా కెమెరా దించడానికి లేదు. శేషాచలం, లంకమల వైపు ఎర్రచందనం నిఘా ఉంటుంది, రాత్రి లైట్లు పట్టుకుని తిరిగితే ఆపుతారు, ఆపాలి కూడా. గండికోటకైతే పురావస్తు శాఖ అనుమతి కావాలి, పైగా ఆ లోయ ఇప్పటికే అందరూ చూసేశారు.

నన్నడిగితే మన సీమలో భయం చీకట్లో లేదు, ఎండలో ఉంది. శనక్కాయ పీకేశాక అనంతపురం చేలల్లో నిలబడి చూడండి, కనుచూపు మేర మనిషి దాక్కోవడానికి ఒక్క చెట్టు ఉండదు, అయినా ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది. దీనికి లైట్ల అద్దె లేదు, జనరేటర్ లేదు. మధ్యాహ్నం ఎండ ముఖాలకు బాగోదని కెమెరామన్ అంటాడు, ఈ కథకు అదే కావాలని చెప్పండి. ముఖం మీదికి వెలుగు తిప్పే రిఫ్లెక్టర్ పెట్టొద్దు, ఆకాశం మరీ తెల్లగా కాలిపోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి కళ్ల కింద నీడను అలాగే వదిలేయండి. షెడ్యూల్ మాత్రం డిసెంబరు, జనవరిలోనే పెట్టుకోండి, ఏప్రిల్‌లో యూనిట్ నిలబడలేదు. రాత్రి సీన్లు ఇంటి లోపలికి మార్చి, కిటికీలకు నల్లగుడ్డ కట్టి, ఒక్క బల్బుతో పగలే తీసేయొచ్చు.

తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాళ్లు తీసి వదిలేసిన గుంతలు ఉంటాయి, నిలువుగా పాతిన బండల కంచెలు ఉంటాయి. యజమానితో ముందే మాట్లాడి కాగితం రాయించుకోండి. గుంత అంచున నటుణ్ణి నిలబెట్టే షాట్ వద్దు, రాయి ఎక్కడ విరుగుతుందో తెలియదు, నీళ్లు ఎంత లోతో పైనుంచి కనపడదు.

డబ్బు మిగిలితే సౌండ్‌కు పెట్టండి. మేము ఒక షార్ట్ ఫిల్మ్‌కి మైకుకు బొచ్చు కవర్ లేకుండా వెళ్లాం, రెండు రోజుల మాటలు గాలికి పోయాయి, మొత్తం డబ్బింగ్ చెప్పించాల్సి వచ్చింది. ప్రతి చోటా అందర్నీ ఆపి ఒక నిమిషం ఊరికే ఉన్న శబ్దం రికార్డ్ చేసుకోండి, ఎడిటింగ్‌లో అదే కాపాడుతుంది.

ఇక భయపెట్టే వస్తువు బయటినుంచి తేవొద్దు, చేలోనే ఉంది. ఇక్కడ బోరు మోటార్లకు ఆటో స్టార్టర్ ఉంటుంది, కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. మొదటిరోజు ఎవరూ లేని చేలో మోటారు మోగితే సిటీ పిల్ల ఉలిక్కిపడుతుంది, పక్క చేను పెద్దాయన వచ్చి "ఏం లేదు పాపా, కరెంటొచ్చింది" అంటాడు, ప్రేక్షకుడూ ఊపిరి పీల్చుకుంటాడు. రోజూ అదే టైముకి ఆ శబ్దాన్ని అలవాటు చేయండి. నాలుగోరోజు ఇంట్లో ఫ్యాన్ తిరగడం మొదలవుతుంది, కరెంటు వచ్చింది, బయట మోటారు మాత్రం మోగదు. ఎవరో వెళ్లి ఆపారు. అక్కడ మ్యూజిక్ వేయకండి.